అడవి కుంకుడు – మాదాపూర్ గది

(మాదాపూర్‌లో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సంచిక కోసం అక్కడక్కడ సరిచేశాను.)

 రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండానే వచ్చి కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మా హాస్టల్లో చదువుకుని ఇవాళ నాకంటే ఎక్కువ జీతం తీసుకుంటున్న నా బిడ్డలకు ప్రేమతో నమస్కారం.

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "మేడం, యువతకు పనికొచ్చేది ఏదైనా మాట్లాడండి" అన్నారు. మన చరిత్ర గురించి, హక్కుల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను వార్డెన్‌ని. నా రోజులో సగం బియ్యం, పప్పుల లెక్క. మిగతా సగం బాత్‌రూమ్‌ల లెక్క. అందుకని, "ఇల్లు కడుక్కోవడం గురించి మాట్లాడతా" అన్నాను. అవతల కాసేపు మాట వినపడలేదు. తర్వాత, "సరే మేడం, మీ ఇష్టం" అన్నారు. మీరు కూడా అలాగే ఓపిక పట్టి వినండి. ఎక్కువసేపు తీసుకోను.

బీరువా మీద మూట

పోయిన చలికాలంలో పనుండి హైదరాబాద్ వచ్చినప్పుడు, మా పాత విద్యార్థిని ఒకమ్మాయి పట్టుబట్టి తన రూమ్‌కి తీసుకెళ్లింది. కొండాపూర్‌లో ముగ్గురు అమ్మాయిలు కలిసి తీసుకున్న చిన్న ఇల్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లు అద్దంలా పెట్టుకున్నారు, చూసి సంతోషపడ్డాను. వంటగట్టు పక్కన ఒక సీసా ఉంది. ఆకుపచ్చ రంగు లేబుల్, దాని మీద చెట్టు బొమ్మ, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో అడవి నుంచి సేకరించిన కుంకుడుతో చేసిన గిన్నెల ద్రావణం అని రాసి ఉంది. ధర చూస్తే మూడు వందల పైచిలుకు. "నేచురల్ మేడం, చేతులకు మంచిది" అంది.

రాత్రి పడుకునే ముందు దుప్పటి కోసం బీరువా మీద చెయ్యి పెడితే ఒక గుడ్డ మూట తగిలింది. విప్పితే కుంకుడుకాయలు. రెండు కిలోలుంటాయి. కొన్నింటికి పురుగు పట్టింది. "ఇవెక్కడివి?" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. "అమ్మ పంపింది మేడం. రెండేళ్లయింది. పాత రూమ్‌లో వాళ్లు వాసన అంటారని తీయలేదు. తర్వాత మర్చిపోయాను."

నేను తిట్టలేదు. ఎట్లా తిడతాను? తొమ్మిదో తరగతిలో నేనూ అదే చేశాను. వారం సెలవు అయిపోయి బడికి వచ్చేటప్పుడు అమ్మ కుంకుడు రసంతో తలంటి, నూనె పెట్టి, గట్టిగా జడ వేసి పంపేది. తరగతిలో ఒకమ్మాయి ముక్కు మూసుకుంది. ఆ తర్వాత నేను హాస్టల్లో ఇచ్చిన షాంపూ ప్యాకెట్‌ను దాచుకుని, ఇంట్లో కూడా దానితోనే పోసుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. కాయలు కొట్టే రాయి మాత్రం దూలం కింద అలాగే ఉండిపోయింది.

ఒక్కటి ఆలోచించండి. ఒకే గదిలో ఒకే కాయ రెండు చోట్ల ఉంది. సీసాలో ఉన్నదానికి గౌరవం, మూటలో ఉన్నదానికి సిగ్గు. సీసాలోని కాయను కూడా ఏదో ఒక గూడెంలోనో తండాలోనో ఎవరో ఒక అమ్మ ఏరి ఉంటుంది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను.

శుభ్రత సరుకు మన సరుకే

గిరిజన సహకార సంస్థ, మనందరి నోట జీసీసీ, 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరు సంస్థ ఏర్పడింది. మనలో చాలామంది చిన్నప్పుడు ఆ డిపో ముందు అమ్మానాన్నల పక్కన నిలబడినవాళ్లమే. ఒక చేత్తో అడవి సరుకు తూకం వేయించి, ఇంకో చేత్తో ఉప్పూ, కిరోసినూ తీసుకున్నవాళ్లమే. ఆ డిపోలో కొనే సరుకుల పట్టిక ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చింతపండు, తేనె, తపసి బంక, ఇప్పపువ్వు, ఇప్పగింజలు సరే. వాటితోపాటు ఇంకా ఏమున్నాయి? కుంకుడుకాయలు. సీకాయ. కొండచీపుర్లు. చిల్లగింజలు.

ఈ నాలుగూ శుభ్రతకు సంబంధించినవే. కుంకుడు బట్టకూ తలకూ గిన్నెకూ. సీకాయ తలకు. కొండచీపురు నేలకు. చిల్లగింజ నీటికి. చిల్లగింజ సంగతి ఇక్కడున్న చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. వానాకాలం వాగునీళ్లు బురదగా వస్తే, కుండ లోపలి అంచుకు ఆ గింజను అరగదీసి నీళ్లు పోసి ఉంచేవాళ్లు. కాసేపటికి మట్టి అడుగుకు దిగి, పైన నీళ్లు తేటగా నిలిచేవి. ఇవాళ నీటిశుద్ధి కేంద్రాల్లో పటిక వేసి చేసేది కూడా ఇలాంటి పనే. సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, కిందికి దిగుతాయి.

అంటే పట్నం ఇళ్లు శుభ్రంగా ఉండటానికి అడవి నుంచి సరుకు ఎప్పటినుంచో వస్తోంది. ఇక్కడి టవర్లలో హౌస్‌కీపింగ్ చేస్తున్న మన అక్కచెల్లెళ్లను కూడా కలుపుకుంటే, సరుకుతో పాటు చెయ్యి కూడా మనదే. అయినా శుభ్రత గురించి మనకు పాఠం చెప్పేది ఎప్పుడూ వేరేవాళ్లే. మన పిల్లలకు శుభ్రత తెలియదన్న మాట నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కాయలో ఏముంది?

నేను బీఎడ్ చేసినదాన్ని, కాబట్టి ఐదు నిమిషాలు పాఠం చెప్పకుండా వదలను.

కుంకుడుకాయ పైతోలులో సపోనిన్లు అనే పదార్థాలుంటాయి. సపోనిన్ అణువులో ఒక వైపు నీటితో స్నేహం చేస్తుంది, ఇంకో వైపు జిడ్డుతో స్నేహం చేస్తుంది. మధ్యలో నిలబడి జిడ్డును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి నీటితో పాటు పంపేస్తుంది. సబ్బు చేసే పని కూడా ఇదే, డిటర్జెంట్ చేసే పనీ ఇదే. కాబట్టి "ఇందులో కెమికల్స్ లేవు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కుంకుడులోనూ రసాయనమే ఉంది. చెట్టు దాన్ని తయారుచేసింది, అంతే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇంకో లాభం ఉంది. ఐటీ కారిడార్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు బోరు నీళ్లో, ట్యాంకర్ నీళ్లో దిక్కు. అవి ఉప్పునీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు. మామూలు సబ్బు ఆ లవణాలతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. నురగ రాదు, బకెట్‌కు మడ్డి పడుతుంది. మనం ఇంకా సబ్బు రుద్దుతాం. కుంకుడు రసం అలా తెట్టు కట్టదు.

బూడిద సంగతి కూడా చెప్తాను. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది క్షారం. గిన్నెకున్న నూనెలో కొంత భాగాన్ని సబ్బుగా మార్చేస్తుంది, మిగతా పని దాని గరుకుతనం చేస్తుంది. చింతపండులోని ఆమ్లం ఇత్తడి, రాగి మీది చిలుమును కరిగిస్తుంది. మన అమ్మమ్మలకు ఈ పేర్లు తెలియవు. ఏది దేనికి పనికొస్తుందో మాత్రం తప్పు లేకుండా తెలుసు.

నా తప్పు ఒకటి

ఇప్పుడు నేను తలెత్తుకుని చెప్పలేని సంగతి ఒకటి చెప్తాను. మీకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను.

చాలా ఏళ్ల కిందట, నేను వార్డెన్‌గా కొత్త. మర్నాడు తనిఖీ ఉందని సాయంత్రం కబురు వచ్చింది. బాత్‌రూమ్‌లు పాచిపట్టి ఉన్నాయి. స్టోర్‌లో ఉన్న బ్లీచింగ్ పౌడర్, బాత్‌రూమ్ యాసిడ్ రెండూ తీసి మా ఆయమ్మ చేతికిచ్చి, "తొందరగా తెల్లగా చెయ్యక్కా" అన్నాను. ఆమె రెండూ ఒకేచోట పోసింది. కిటికీ చిన్నది, తలుపు దగ్గరగా వేసి ఉంది. రెండు నిమిషాల్లో దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి గోడకు జారగిలబడింది. నీళ్లు పట్టుకుందామని వచ్చిన ఇద్దరు ఆరో తరగతి పిల్లలకు కూడా గొంతు మంట, ఊపిరి ఆడక ఏడుపు. ముగ్గురినీ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాత్రికి కుదుటపడ్డారు. దేవుడి దయ.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. పదో తరగతి సైన్స్‌లో బ్లీచింగ్ పౌడర్ పాఠం నేను చెప్పినదాన్నే. బోర్డు మీద సమీకరణం రాసి, పిల్లల చేత బట్టీ పట్టించినదాన్నే. ఆ వాయువు మా బాత్‌రూమ్‌లోనే పుడుతుంటే నాకు తట్టలేదు. ఆయమ్మకు చదువు రాదు, డబ్బా మీద హెచ్చరిక ఆమె చదవలేదు. నేను చదవగలను, నేను చదవలేదు. తప్పు ఎవరిదో నాకు తెలుసు.

ఆ రాత్రి నుంచి మా స్టోర్‌లో పద్ధతి మార్చాను. రోజువారీ నేల తుడవడానికి, గిన్నెలకు కుంకుడు రసం మొదలుపెట్టాం. మరకలకు నిమ్మచెక్క, వంటసోడా. ఘాటైన మందులు తాళం వేసిన అరలో, అదీ ఒక్కో రకం ఒక్కో చోట. అవసరమైన రోజు నేను పక్కనుండి తీయిస్తాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అవసరమైన రోజు అనేది ఉంటుంది. హాస్టల్లో ఒకరికి వాంతులో విరేచనాలో అయినప్పుడు, ఆ బాత్‌రూమ్‌ను కుంకుడు రసంతో కడిగి ఊరుకోకూడదు. కుంకుడు మురికిని తీస్తుంది. క్రిములను చంపుతుందన్న భరోసా లేదు. చిల్లగింజ నీటిని తేటపరుస్తుంది గానీ, ఆ నీళ్లు కాచుకునే తాగాలి. రోగం వచ్చినచోట ముందు మురికి కడిగి, తర్వాత బ్లీచింగ్ ద్రావణం డబ్బా మీద చెప్పిన కొలతలో, వేరే ఏదీ కలపకుండా, కిటికీ తెరిచి, చేతికి గ్లవ్స్ వేసుకుని వాడాలి. అన్నానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక చేతులకు సబ్బు తప్పనిసరి. మన పాత పద్ధతి మీద ప్రేమతో పిల్లల ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు.

నురగ ఎక్కడికి పోతుంది?

మీలో చాలామంది దుర్గం చెరువు తీగల వంతెన మీద ఫోటోలు దిగే ఉంటారు. 2020లో ఆ వంతెన తెరిచారు. ఆ చెరువు చిన్నది కాదు, చరిత్ర ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమై, చుట్టూ ఊరు పెరిగాక, ఆ చెరువులోకి మురుగు చేరింది. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుంది. తీసేస్తారు, మళ్లీ వస్తుంది.

గుర్రపుడెక్కకు ఎరువు ఎవరు వేస్తున్నారు? మన ఇళ్ల నుంచి పోయే మురుగులో నత్రజని, ఫాస్ఫరస్ ఉంటాయి. కొన్ని డిటర్జెంట్లలోని ఫాస్ఫేట్లు కూడా వాటికి తోడవుతాయి. నీటిమొక్కలకు అది పండగ. అవి పెరిగి, కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును లాగేస్తే చేపలు చస్తాయి. కూకట్‌పల్లి వైపు ధరణీ నగర్‌లో పరికి చెరువు నాలా నుంచి తెల్లటి నురగ వీధుల్లోకి, ఇళ్ల ముందుకు వచ్చిన దృశ్యాలు మీరు వార్తల్లో చూసే ఉంటారు. అదంతా మన బకెట్ నుంచే వచ్చిందని అనను. ఫ్యాక్టరీల వ్యర్థాలున్నాయి, శుద్ధి చేయకుండా వదిలిన మురుగు ఉంది. వాటికి ప్రభుత్వం, పరిశ్రమలు జవాబు చెప్పాలి. మన బకెట్ వాటా మాత్రం మన చేతిలో ఉంది.

ఆ వాటా తగ్గించడానికి మొదటి మార్గం, సరుకు మార్చడం కంటే ముందు, కొలత తగ్గించడం. నురగ ఎక్కువొస్తే మురికి ఎక్కువ పోతుందని మనకు ప్రకటనలు నేర్పాయి. అది నిజం కాదు. వాషింగ్ మెషీన్‌లో పొడి సగం గరిట తగ్గించి చూడండి. బట్టల్లో తేడా కనపడదు.

ఇంకో నిజం కూడా దాచను. మన అడవి సరుకు అయినంత మాత్రాన ప్రతి ప్రాణికీ మంచిదని కాదు. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను చేపల చెరువుల వాళ్లు ఎందుకు కొంటారో తెలుసా? కొత్త చేపపిల్లలను వదిలేముందు, అందులో ఉన్న అక్కర్లేని చేపలను చంపడానికి. ఆ చెక్కలోనూ సపోనిన్లే ఉంటాయి. అవి చేప మొప్పలను దెబ్బతీస్తాయి. కుంకుడు రసానికీ ఆ గుణం ఉంది. కాబట్టి కుంకుడు రసమే కదా అని బకెట్ తీసుకెళ్లి చెరువులోనో వాగులోనో గుమ్మరించకండి. సింకులోకి పోయి మురుగుశుద్ధిలో కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. మన పెద్దలు ఏ పని నీటి ఒడ్డున చేయాలో, ఏది నీటికి దూరంగా చేయాలో ఊరికే కట్టడి పెట్టలేదు.

మీ గదిలో ఏం చేయొచ్చు

ఇప్పుడు పనిలోకి వద్దాం. మగపిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టండి. ఇది మీకు కూడా. మీ రూముల సంగతి నాకు తెలుసు.

మొదటిది, కుంకుడు రసం. పదిహేను ఇరవై కాయలు గింజ తీసి, లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున ఒక పావుగంట మరిగించి, చల్లారాక చేత్తో పిసికి, గుడ్డలో వడకట్టండి. గోధుమ రంగు రసం వస్తుంది. బయట పెడితే రెండు మూడు రోజుల్లో పులుస్తుంది, ఫ్రిజ్‌లో వారం వరకూ ఉంటుంది. అందుకే కొంచెం కొంచెం చేసుకోండి. గిన్నెలకు పీచు మీద నేరుగా వేసుకోవచ్చు. నేల తుడవడానికి బకెట్‌కు ఒక గ్లాసు చాలు. పట్టుచీర, ఉన్ని స్వెటర్, వెండి పట్టీలకు ఇంతకంటే మంచిది లేదు. నురగ తక్కువ వస్తుంది, కంగారుపడకండి. కంట్లో పడితే మంట పుడుతుంది, మీ అందరికీ చిన్నప్పటి అనుభవమే. బాగా మాడిన బాణలికి, పాత నూనె మరకకు ఇది చాలదు. అక్కడ వంటసోడా చల్లి, వేడినీళ్లు పోసి, అరగంట నాననివ్వండి.

రెండోది, కుళాయిల మీద, గీజర్ పక్కన, గ్లాసుల మీద పట్టే తెల్లటి ఉప్పుపొర. దానికి నిమ్మరసమో వెనిగరో. గుడ్డ తడిపి పదినిమిషాలు చుట్టి ఉంచి రుద్దితే పోతుంది. కానీ జాగ్రత్త. తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు, మార్బుల్, ఇవన్నీ సున్నపురాయి జాతివి. వాటి మీద నిమ్మరసం పడితే రాయి కరిగి మెరుపు పోతుంది. ఇంటి ఓనరు అడ్వాన్సులోంచి కోసుకుంటాడు.

మూడోది, వంటసోడా, వెనిగర్ కలిపి ఒకే సీసాలో పోసుకునేవాళ్లు. వీడియోల్లో బుసబుసా పొంగుతుంటే భలే ఉంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని బలం ఇంకోటి తినేస్తుంది, గ్యాసు పోయాక మిగిలేది కాస్త ఉప్పు కలిసిన నీళ్ల లాంటిదే. జిడ్డుకు సోడా విడిగా, ఉప్పుపొరకు వెనిగర్ విడిగా వాడండి. వెనిగరైనా, నిమ్మరసమైనా బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. నా కథ ఇప్పుడే విన్నారు.

నాలుగోది, బయో ఎంజైమ్ అని ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో చాలామంది చేస్తున్నారు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు నారింజ, నిమ్మ, బత్తాయి తొక్కలు, పది పాళ్లు నీళ్లు. ప్లాస్టిక్ డబ్బాలో పైన ఖాళీ వదిలి మూడు నెలలు పులియబెడతారు. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గ్యాసు వదలాలి. గాజుసీసాలో బిగించి పెడితే పగులుతుంది. చెత్తబుట్టలోకి పోయే తొక్క పనికొస్తుంది, అది మంచిదే. ఆ ద్రావణం పులుపు వల్ల మరకలు తీస్తుంది. సర్వరోగ నివారిణి అని మాత్రం అనుకోకండి.

ఏది చేసినా సీసా మీద పేరు, తేదీ రాయండి. కూల్‌డ్రింక్ సీసాలో శుభ్రం చేసే ద్రావణం ఏదీ పోయకండి. అది ఇంట్లో చేసిందైనా సరే. రాత్రి దాహంతో లేచినవాడు లేబుల్ చూడడు.

టవర్లలో పనిచేసే చెల్లెళ్లకు

ఈ హాల్లో ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్లూ ఉన్నారు, ఆ ఆఫీసు నేల తుడిచేవాళ్లూ ఉన్నారు. మా హాస్టల్ పిల్లల్లోనే ఇద్దరు అక్కచెల్లెళ్లు అలా ఉన్నారు. అక్క ఇంటర్ మధ్యలో ఆగిపోయి హౌస్‌కీపింగ్‌లో చేరింది. ఆ జీతంతో చెల్లెలు ఇంజనీరింగ్ చదివింది. అక్క చేతులు నేను చూశాను. వేళ్ల సందుల్లో తోలు ఊడి, గోళ్ల చుట్టూ పగుళ్లు. గ్లవ్స్ అడిగితే అయిపోయాయన్నారట.

అక్కడ ఏ ద్రావణం వాడాలో నిర్ణయించే హక్కు మీకు లేకపోవచ్చు. అయినా కొన్ని మీ చేతిలో ఉన్నాయి. డబ్బా మీద ఏముందో చదివించుకోండి. చదువుకున్న తమ్ముడికి ఫోటో పంపితే ఐదు నిమిషాల్లో చెప్తాడు. రెండు డబ్బాలు ఒకే బకెట్‌లో కలపమంటే కలపొద్దు, ఎవరు చెప్పినా సరే. గ్లవ్స్, గాలి వచ్చే తలుపు అడగడం తప్పు కాదు. ఆఫీసు కుర్చీలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఫ్లోర్ తుడిచే అక్కకు గ్లవ్స్ ఉన్నాయా లేదా అని ఒక్కరోజు చూడండి. లేకపోతే మీరు ఒక మెయిల్ రాయగలరు. ఆమె రాయలేదు.

కాయ విలువ ఎవరికి చేరాలి?

చివరి మాట. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కుతో పాటు యాజమాన్య హక్కు కూడా ఆ చట్టం మనకిచ్చింది. ఆ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14లో మొదలైంది. తర్వాత పెంచిన జాబితాల్లో కుంకుడు, ఎండు సీకాయ, కొండచీపురు కూడా చేరాయి. 2018లో వన్ ధన్ కేంద్రాలు వచ్చాయి. సుమారు మూడు వందల మంది సేకర్తలు కలిసి, తమ సరుకును ఎండబెట్టి, శుభ్రపరిచి, పొడి కొట్టి, ప్యాక్ చేసి అమ్ముకునే ఏర్పాటు అది.

కాగితం మీద ఇంత ఉంది. కాయ ఏరే అమ్మకు ఇందులో ఎంత తెలుసు? సంక్రాంతి దాటాక ముళ్లలో తిరిగి, ఏరి, ఎండబెట్టి, సంతకు తెస్తే, దళారి చెప్పిందే ధర, వాడి తూకమే తూకం. అదే కాయ గింజ తీసి, పొడి కొట్టి, లేబుల్ అంటిస్తే ధర ఎన్ని రెట్లవుతుందో ఆ అమ్మాయి వంటగట్టు మీద సీసాలో చూశాను. ఆ మధ్యలో ఉన్న పనులన్నీ మీకు వచ్చినవే. ప్యాకింగ్, లెక్కలు, ఫోటోలు, ఆన్‌లైన్‌లో పెట్టడం. మీరు రోజూ వేరేవాళ్ల సరుకు కోసం చేస్తున్నారు. సెలవుకు ఊరెళ్లినప్పుడు ఒక పూట డిపోలో ఈ ఏడాది కుంకుడు ధర ఎంతో అడిగి, గూడెంలో నలుగురికి చెప్పండి. మీ పీజీకి, మీ అపార్ట్‌మెంట్‌కు కావలసిన కుంకుడు, సీకాయ, కొండచీపుర్లు జీసీసీ దుకాణం నుంచో, మన మహిళా సంఘాల నుంచో తెప్పించండి. గిరాకీ పెరిగితే కొమ్మలు నరికే ఆశ కూడా పెరుగుతుంది. కాబట్టి చెట్టును కాపాడుకుంటూ, రాలిన కాయ ఏరుకోమని కూడా మీరే చెప్పాలి. జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇచ్చేటప్పుడు ఈ చెట్టు కూడా గుర్తుండాలి.

ఆ కొండాపూర్ రూమ్‌లో మర్నాడు పొద్దున పురుగు పట్టిన కాయలు ఏరి పారేశాం. మంచివి కిలోన్నర మిగిలాయి. ఆ పిల్ల, తనతో ఉండే ఇద్దరూ, నేనూ కింద కూర్చుని గింజలు తీశాం. ఒకమ్మాయిది రాజమండ్రి. "మా నానమ్మ ఇవే వాడేది ఆంటీ" అంటూ మొదటి గిన్నె ఆ అమ్మాయే తోమింది. మా పిల్ల వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి నురగ చూపించింది. అవతల ఆ తల్లి కాసేపు నవ్వి, "ఈసారి ఇంకో రెండు కిలోలు పంపనా బిడ్డా?" అని అడిగింది.

మీలో ఎవరి బీరువా మీదైనా అలాంటి మూట ఉంటే, ఇవాళ ఇంటికెళ్లాక దించండి.